హరిణికి కాలేజీ వెతుక్కుంటూ జగ్గయ్యపేట నుంచి నందిగామకి

మా ఆడపడుచు హరిణి ఈ ఏడు పదో తరగతి పాసైంది. సైన్సులో వచ్చిన మార్కులు చూసి వాళ్ళ మాస్టారు మా కొట్టుకొచ్చి మరీ మావయ్యగారి చేత స్వీట్లు తెప్పించుకున్నారు. తెలుగు మార్కుల సంగతి మాత్రం ఎవరూ ఎత్తలేదు. గట్టెక్కింది, అంతే. ఈ రెండు సబ్జెక్టుల మధ్య ఉన్న దూరమే మేం ఆ రోజు నందిగామ బస్సెక్కడానికి కారణం. ఇలాంటి పిల్లలున్న ఇళ్ళవాళ్ళు ఇంకెవరైనా కాలేజీ కోసం తిరగబోతుంటే కాస్త దారి తెలుస్తుందని ఇది రాస్తున్నా. నేను ఏడో తరగతితోనే ఆపేశా. అయినా నలుగురిలో నోరు విప్పడం కంటే ఇలా కూర్చుని రాసుకోవడమే నాకు తేలిక.

హరిణికి చదవడంలో ఇబ్బంది ఉంది. మ, వ, ప మూడూ తనకి ఒకటే అక్షరంలా కనపడతాయి. పట్టిపట్టి చూస్తే ఇంకా కలిసిపోతాయంటుంది. చిన్నప్పుడు వంటింట్లో వాము సీసా మీద అంటించిన పేరు చదివి, "అమ్మా, సీసాలో పామెందుకు పెట్టావ్?" అని అడిగిందట. ఇప్పటికీ దానికి కడుపునొప్పి వస్తే మావయ్యగారు "కాసిని పాము నీళ్ళు తాగవే" అంటారు. అదీ నవ్వుతుంది. తొమ్మిదో తరగతిలో ఉండగా వాళ్ళ మాస్టారే విజయవాడలో డాక్టరుకి చూపించమన్నారు. డిస్లెక్సియా అన్నారు అక్కడ. తెలివికీ దీనికీ సంబంధం లేదు, ఈ పిల్లకి చదువు కంటితో కంటే చెవితో బాగా ఎక్కుతుంది అని చెప్పారు. పదో తరగతి పరీక్షల్లో తను చెప్తుంటే రాసిపెట్టడానికి ఒక అమ్మాయిని ఇచ్చారు. టైము కూడా కాస్త ఎక్కువ ఇచ్చారు. అలా పాసైంది.

ఇంటర్‌లో ఎంపీసీ తీసుకుంటానని అది మొదటినుంచీ అంటోంది. ఇంట్లో అందరికీ భయం. సైన్సు గ్రూపంటే లావు లావు పుస్తకాలు, రోజూ పరీక్షలు. మధ్యలో మానేస్తే ఇటూ కాదు, అటూ కాదు. మావయ్యగారు ఒకటే మాట అన్నారు. "దాన్ని అర్థం చేసుకుని సైన్సు చెప్పే కాలేజీ ఒకటి దొరికితే సరే. దొరక్కపోతే సీఈసీలో వేద్దాం." సీఈసీ అంటే కామర్సు గ్రూపు. ఆ మాట విన్న రోజు హరిణి అన్నం తినలేదు. జగ్గయ్యపేటలో అప్పటికే రెండు చోట్ల అడిగాం. సీటు ఇస్తామన్నారు గానీ, పిల్లకి అక్షరాలు చదవడం కష్టమని చెప్తే "అవన్నీ మేం చూసుకోలేమండీ" అన్నారు. మిగిలింది నందిగామ. రోజూ బస్సులో వెళ్ళి రావచ్చు, హాస్టల్లో వెయ్యక్కర్లేదు.

మాది బజార్లో రంగుల కొట్టు. ఆ వారం ముక్త్యాల వైపు పెద్ద ఆర్డరొకటి ఉండటంతో మావయ్యగారికీ మా ఆయనకీ ఊపిరాడలేదు. అత్తయ్యగారికి మోకాళ్ళ నొప్పులు, బస్సు మెట్లెక్కలేరు. "నువ్వూ అదీ వెళ్ళి చూసి రండమ్మాయ్" అన్నారు మావయ్యగారు నాతో. మా పుట్టిల్లు చెవిటికల్లు. పెళ్ళయ్యాక పుట్టింటికి వెళ్ళినా మా ఆయనో, మా నాన్నో పక్కన ఉండాల్సిందే. మగ తోడు లేకుండా కాలేజీ ఆఫీసుల్లోకి వెళ్ళి మాట్లాడటం అంటే నాకు మాటలు కాదు. మా ఆయన మాత్రం "హరిణి ఉందిగా, అది మాట్లాడుద్ది. నువ్వు పక్కనుంటే చాలు" అని ధైర్యం చెప్పారు.

జూన్ మొదట్లో ఒక రోజు పొద్దున్నే ఏడున్నరకి జగ్గయ్యపేట బస్టాండుకి వచ్చాం. నందిగామకి బస్సులకి కొదవ లేదు. విజయవాడ వెళ్ళేవన్నీ అటే వెళ్తాయి. ఎక్కేముందు నందిగామ ఊళ్ళోకి వెళ్తుందా, హైవే మీదే దింపేస్తుందా అని కండక్టర్ని అడగండి. హైవే మీద దిగితే మళ్ళీ ఆటో పట్టుకోవాలి. ఆడవాళ్ళకి ఇప్పుడు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్ డబ్బులు లేవు, ఆధార్ చూపిస్తే చాలు. కండక్టరు నా కార్డు చూసి, నన్ను చూసి, మళ్ళీ కార్డు చూశాడు.

"ఇది మీరేనా అండీ?"

నేను సిగ్గుతో తల వంచుకున్నా. హరిణి అందుకుంది. "ఆధార్‌లో ఎవరూ వాళ్ళలాగా ఉండరు కదండీ."

"అదీ నిజమే. నా కార్డులో నేను మా నాన్నలా ఉంటా" అని సున్నా టికెట్లు రెండు చింపి ఇచ్చాడు.

చిల్లకల్లు దగ్గర హైవే ఎక్కాక బస్సు వేగం అందుకుంది. రెండు పక్కలా పొలాలు దున్ని పెట్టి ఉన్నాయి, వానకోసం చూస్తున్నట్టు. సిమెంటు లారీలు ఒకదాని వెనక ఒకటి. హరిణి కిటికీ పక్కన కూర్చుని దారి పొడుగునా మాట్లాడుతూనే ఉంది. లారీ పక్కనుంచి పోయినప్పుడు బస్సు దానివైపు లాగినట్టు ఎందుకు అవుతుందో చెప్పింది. నాకు సగం అర్థమైంది. చెప్తున్నప్పుడు దాని చేతులు చూడాలి మీరు. గాలిని పట్టుకుని చూపిస్తున్నట్టు ఉంటాయి. గంటలోపే నందిగామ చేరాం. బస్టాండు బయట బండి దగ్గర ఇడ్లీ తిన్నాం. ప్లేటు ముప్పై రూపాయలు, అల్లం పచ్చడి బాగుంది. అక్కణ్ణుంచి ఆటో మాట్లాడుకున్నాం.

"కాలేజీకా? ఏ కాలేజీకమ్మా? హైవే మీదున్నదానికా, సందులో ఉన్నదానికా?" అన్నాడు ఆటో ఆయన.

రెండూ చూడాలని హరిణి చెప్పింది.

"ఐతే ముందు హైవే దానికి పోదాం. దాని బోర్డు పెద్దది. సందులో దానికి బోర్డు కనపడదు, అడుక్కుంటూ పోవాలి."

హైవే మీది కాలేజీకి నలభై తీసుకున్నాడు. షేరింగ్ ఆటో అయితే ఇరవై ఇస్తే సరిపోతుంది, కాకపోతే నిండేదాకా కదలరు. కాలేజీ అద్దాల మేడ. లోపల చల్లగా ఉంది. గోడ నిండా ర్యాంకులు వచ్చిన పిల్లల ఫొటోలు. ఆఫీసులో కుర్చీ చూపించి మంచినీళ్ళు ఇచ్చారు, మర్యాదకి లోటు చెయ్యలేదు. అడ్మిషన్లు చూసే ఆయన టై కట్టుకున్నారు. ఫీజు, బస్సు, యూనిఫాం అన్నీ గడగడా చెప్పారు. హరిణి తన ఇబ్బంది గురించి తనే చెప్పింది. ఆయన నవ్వి ఒక కరపత్రం దాని చేతికిచ్చారు. "ఏదీ, పైలైను చదువమ్మా. ఎంత ఇబ్బందో చూద్దాం."

పైన పెద్ద అక్షరాలతో 'మన పిల్లల భవిష్యత్తు' అని ఉంది. హరిణి వేలు పెట్టి నెమ్మదిగా కూడబలుక్కుంది. "వన పిల్లల..."

"వన పిల్లలేంటమ్మా, అడవి పిల్లలా?" అని ఆయన గట్టిగా నవ్వారు. పక్క టేబులు ఆయన కూడా నవ్వాడు.

"అడవిలో ఐతే చదవక్కర్లేదు కదండీ" అంది హరిణి. గొంతు మామూలుగానే ఉంది గానీ కరపత్రం పట్టుకున్న చెయ్యి ఒళ్ళోకి దిగింది.

ఆయన చెడ్డమనిషి కాదు. వెంటనే సర్దుకున్నారు. రోజూ పరీక్ష ఉంటుందనీ, గంటలో ఇన్ని ప్రశ్నలు చదివి గుండ్రాలు నింపాలనీ, ఈ అమ్మాయి వెనకబడి బాధపడుతుందనీ చెప్పారు. "ఆడపిల్ల కదండీ, కామర్సు తీసుకోండి, హాయిగా ఉంటుంది" అని నావైపు చూసి అన్నారు. హరిణి ల్యాబ్ చూడొచ్చా అని అడిగింది. ల్యాబ్ రెండో ఏడాదిలో కదమ్మా, ఇప్పుడు తాళం వేసి ఉంది అన్నారు. ఇద్దరం లేచి దండం పెట్టి వచ్చేశాం. మెట్లు దిగుతుంటే హరిణి "వదినా, అంత పెద్ద మేడలో తాళం చెవి ఎక్కడ పెట్టుకుంటారో" అంది. నవ్వించాలనే అంది గానీ నాకు నవ్వు రాలేదు.

ఎండ అప్పటికే మాడుస్తోంది. గాంధీ సెంటర్‌కి వచ్చి ఒక మెస్సులో భోజనం చేశాం. భోజనం నూటపది. పప్పు, గోంగూర, ఒక వేపుడు, పెరుగు. ఆడవాళ్ళు ఇద్దరే వెళ్ళి కూర్చున్నా ఇబ్బంది లేని చోటు. వడ్డించే పెద్దావిడ రెండోసారి అన్నం గిన్నె పట్టుకొస్తే నేను "చాలండి" అన్నా.

"కొత్తవాళ్ళు చాలంటే ఇంకో రెండు గరిటెలని మాకు తెలుసులే తల్లీ" అని పెట్టేసింది. ఆకలిగానే ఉంది, తినేశా.

సందులో కాలేజీకి ఆ ఆవిడే దారి చెప్పింది. ఆటో అక్కర్లేదు, నడిచే వెళ్ళాం. రెండంతస్తుల పాత మేడ, కింద అంతా కాలేజీ. ఆఫీసులో ఉన్నాయన మా మాట విని, "ఐతే మీరు మేడమ్ గారిని కలవాలి" అని వెనక్కి తీసుకెళ్ళాడు. వెనక గది తలుపు తీసే ఉంది. అది ల్యాబ్. కెమిస్ట్రీ చెప్పే మేడమ్, యాభై దాటి ఉంటారు, చీర కొంగు దోపుకుని గాజు గొట్టాలు కడుగుతున్నారు. మమ్మల్ని స్టూళ్ళ మీద కూర్చోమన్నారు. చదవమని ఏమీ ఇవ్వలేదు. హరిణి ఇబ్బంది అంతా విని, "సరే, అది నాకు తెలిసిందే. ఇప్పుడు చెప్పు, ఈ మధ్య నువ్వు చూసినదాంట్లో నీకు నిద్ర పట్టనివ్వనిది ఏంటి?" అని అడిగారు.

హరిణి నావైపు చూసింది. తర్వాత మొదలుపెట్టింది. మా గోడౌన్లో సగం వాడిన పెయింటు డబ్బాల్లో పైన మీగడలా తెట్టు కడుతుంది, నిండు డబ్బాల్లో కట్టదు. ఎందుకో తెలుసుకోవాలని అది రంగుల్లో కలిపే అవిసె నూనె తీసుకుని రేకు మీద పల్చగా పూసి, మేకులు తూచే కాటా మీద పెట్టిందట. రోజూ తూచిందట.

"నీళ్ళు ఆరితే బరువు తగ్గుద్ది కదా మేడమ్. నూనె ఆరితే బరువు పెరిగింది. నాలుగుసార్లు చేశా. ప్రతిసారీ పెరిగింది."

"ఎందుకంటావ్?"

"అది ఆరడం కాదు మేడమ్. గాలిలోంచి ఏదో తీసుకుంటోంది. నిండు డబ్బాలో గాలి లేదు కాబట్టి తెట్టు లేదు."

మేడమ్ చేతిలో గొట్టం పక్కన పెట్టేశారు. "కాటా తప్పు చూపించడం లేదని ఎట్లా నమ్మావ్?"

"నూనె పూయని రేకు కూడా పక్కన పెట్టి తూచా. అది మారలేదు."

చేతులు కొంగుకి తుడుచుకున్నారు. తర్వాత అల్మారా తెరిచి గాజు పెట్టెలో ఉన్న త్రాసు చూపించారు. వెంట్రుక వేసినా తూగుతుందట. హరిణి చేత దాని సొంత వెంట్రుకే ఒకటి తూయించారు. పెట్టె తలుపు మూసేదాకా ముల్లు ఊగుతూనే ఉంటే, "నువ్వు ఊపిరి పీలుస్తున్నా దానికి తెలుస్తుంది" అన్నారు. హరిణి ఊపిరి బిగబట్టింది. ఇంట్లో దాని మొహం ఎప్పుడూ అలా చూడలేదు నేను. గర్భగుడి తలుపు తీసినప్పుడు చిన్నపిల్లలు చూస్తారే, అలా ఉంది.

మేడమ్ తను ఎలా నేర్పిస్తారో చెప్పారు. పాఠాలన్నీ తనే చదివి ఫోనులో రికార్డు చేసి ఇస్తారు. కాలేజీ పరీక్షలు నోటితో చెప్తే చాలు, మార్కులు ఆవిడే వేస్తారు. ల్యాబ్ రికార్డు పుస్తకంలో మాటలు తక్కువ, బొమ్మలు ఎక్కువ. బోర్డు పరీక్షలకి రాసిపెట్టే మనిషి కోసం ముందే దరఖాస్తు పెట్టించి, ఆ పిల్లతో కూర్చోబెట్టి అలవాటు చేయిస్తారు. "కానీ ఏడాదికి ఇద్దరినే తీసుకుంటానమ్మా. కాలేజీవాళ్ళు వద్దని కాదు. క్లాసులయ్యాక ఈ పిల్లలతో నేనే కూర్చోవాలి, నా ఓపిక అంతే. ఒకబ్బాయి చేరాడు. ఇంకొక్క చోటుంది." అని నావైపు తిరిగారు. "మీరు వదినగారు కదా. ఏమంటారు మరి?"

నా ఒంట్లో ప్రతి నరం అవుననే అంటోంది. కానీ నోటికి ఒక పద్ధతి ఉంటుంది. మా చెవిటికల్లులో కౌలు మాటైనా, సంబంధం మాటైనా, నచ్చిన వెంటనే సరే అనేస్తే తొందరపాటు మనిషంటారు. పైగా ఇంట్లో పెద్దవాళ్ళుండగా కోడలు మాట ఇచ్చేయడం మర్యాద కాదు. చూసి రమ్మన్నారు గానీ ఒప్పుకుని రమ్మనలేదు కదా. నేను లేచి నిలబడి, నాకు తెలిసినంత గౌరవంగా, "ఇంట్లో అడిగి చెప్తామండి" అన్నా.

"మంచిదమ్మా" అన్నారు మేడమ్. త్రాసు పెట్టెకి గుడ్డ కప్పారు. నెంబరు అడిగితే చెప్పారు, హరిణి ఫోనులో ఎక్కించుకుంది. గుమ్మం దాకా వచ్చి పంపించారు.

మూడు దాటాక బస్టాండుకి వచ్చాం. మధ్యాహ్నం బస్సులు కాస్త ఖాళీగా ఉంటాయి, పిల్లలతో వెళ్ళేవాళ్ళకి అదే మంచి టైము. బస్టాండు ముందు ముంజలు అమ్ముతుంటే డజను తీసుకున్నా. పొద్దున అంత మాట్లాడిన పిల్ల తిరిగి వచ్చేటప్పుడు ఒక్క మాట మాట్లాడలేదు. ముంజలు ఒలిచి ఇస్తే రెండు తిని చాలంది. ఎండకి అలిసిపోయిందనుకున్నా. నేను మాత్రం లోపల ఎగిరి గంతేస్తున్నా. పొద్దున ఎన్నింటి బస్సుకి పంపాలి, క్యారేజీ ఎప్పుడు కట్టాలి, ముసురు రోజుల్లో ఎలా అని లెక్కలు వేసుకుంటూ అంబారుపేట ఎప్పుడు దాటామో కూడా చూడలేదు. దాని తల నా భుజం మీద వాలింది. నిద్రపోతోందనుకుని కదలకుండా కూర్చున్నా.

ఇంటికొచ్చాక హరిణి స్నానానికి వెళ్ళింది. కొట్లోంచి మావయ్యగారూ మా ఆయనా టీకి వచ్చారు. నేను వంటింటి గుమ్మంలో నిలబడి అంతా చెప్పా. ఇంత గడగడా వాళ్ళ ముందు ఎప్పుడూ మాట్లాడలేదు. త్రాసు, వెంట్రుక, ఇంకొక్క చోటు. మావయ్యగారి మొహం విప్పారింది.

"ఇంకేం మరి! చేర్పించేసి వచ్చారా?"

"లేదండి. ఇంట్లో అడిగి చెప్తామన్నా."

మా ఆయన టీ గ్లాసు కింద పెట్టారు. మావయ్యగారు ఆయన వైపు చూశారు.

"ఏమన్నావ్?" అన్నారు మా ఆయన.

అదే మాట చెప్పా.

"కొట్లో గంటసేపు డబ్బాలన్నీ తీయించి, రంగులన్నీ కలిపించి, ఆఖర్న ఆ మాట ఎవరంటారో తెలుసా సుజాతా? కొననివాళ్ళు. మొహం మీద వద్దని చెప్పలేక అంటారు. ఆ మాట విన్నాక మేం డబ్బాలు సర్దేసుకుంటాం. మళ్ళీ వచ్చినవాడిని నేను పుట్టాక చూడలేదు."

నాకు గుడ్డ కప్పిన పెట్టె గుర్తొచ్చింది. నేను కొట్లో ఎప్పుడూ కూర్చోలేదు. మా ఊళ్ళో ఆ మాటకి అర్థం అడుగుతామనే. అడిగి చెప్తారు కూడా. మావయ్యగారు కోప్పడలేదు. "పాపం ఆ అమ్మాయికేం తెలుసురా" అని, "నచ్చితే చేర్పించుకు రమ్మని నేనే చెప్పాల్సింది" అన్నారు. మా ఆయన వెంటనే ఫోను చేశారు. ఎత్తలేదు. పొద్దున హరిణి లేవకముందే మళ్ళీ చేస్తే ఎత్తారు. స్పీకరు పెట్టారు, నేను తలుపు పక్కన నిలబడి విన్నా.

"వదినగారు ఇంట్లో అడుగుతామన్నారు కదండీ. పాతికేళ్ళుగా వింటున్నా ఆ మాట. మీరు వెళ్ళిన గంటకి ఒక తండ్రి పిల్లాడిని తీసుకొచ్చాడు. పాపం కూలి మానుకుని వచ్చాడు. చేర్చుకోండమ్మా అన్నాడు. మాట ఇచ్చేశా."

ఇంకొకర్ని తీసుకోలేరా అని మా ఆయన బతిమాలారు.

"తీసుకుంటే ముగ్గురికీ అన్యాయం చేసినదాన్నవుతా నాయనా. ఆ అమ్మాయిని మాత్రం సైన్సు మాన్పించకండి. పాఠాలు ఎవరైనా చదివి వినిపించండి. ఆ పిల్ల వింటే చాలు."

ఆ చివరి మాట వల్లే మావయ్యగారు సీఈసీ ఊసెత్తలేదు. నందిగామలో చోటు నిండిపోయిందని మాత్రం హరిణికి చెప్పారు, నేనన్న మాట సంగతి దాని ముందు ఎవరూ ఎత్తలేదు. హరిణి ఇప్పుడు జగ్గయ్యపేటలోనే ఎంపీసీ చదువుతోంది. చేర్చుకున్నారు, అంతవరకూ మంచివాళ్ళే. అక్కడ ల్యాబ్ తలుపు పరీక్షల ముందు మాత్రమే తెరుస్తారట. నోటి పరీక్ష లేదు. మొదటి రెండు పరీక్షల్లో ప్రశ్నలు చదవడమే అవ్వక సగం కాగితం తెల్లగా ఇచ్చి వచ్చింది. మధ్యాహ్నం వంటపని అయ్యాక నేను ఫిజిక్సు పుస్తకం ముందేసుకుని ఫోనులో చదివి పెడుతున్నా. సగం మాటలు నాకు నోరు తిరగవు. ఎక్కడ ఆగాలో తెలియదు. నేను చదివేది అక్షరాలు, ఆ మేడమ్ అయితే పాఠం చదివేవారు. అది మాత్రం చెవిలో పెట్టుకుని వింటూ, "వదినా, ఇక్కడ నువ్వు ఆగకూడదు, ఆగితే అర్థం మారిపోద్ది" అని నాకే చెప్తుంది.

మొన్నొక రోజు అలా చదువుతూ మంచినీళ్ళకి ఆగా. హరిణి పుస్తకం అంచు మడత పెడుతూ అడిగింది.

"వదినా, ఏమనుకోవు కదా. నీకు ఆ నందిగామ కాలేజీ ఎందుకు నచ్చలేదు?"

"నచ్చలేదని ఎవరన్నారే?"

"నువ్వే అన్నావుగా మేడమ్‌తో. ఇంట్లో అడిగి చెప్తామని."

కొట్లో పుట్టి పెరిగిన పిల్ల. ఆ మాట దానికి నాకంటే, మేడమ్ కంటే ముందే అర్థమైపోయింది. బస్సులో నా భుజం మీద తల పెట్టుకుని అది నిద్రపోలేదు.

"మరి అప్పుడే అడగొచ్చుగా?" అన్నా.

"వద్దన్నవాళ్ళని ఎందుకూ అని అడగకూడదంటారు నాన్న. మర్యాద కాదు."

అప్పుడు చెప్పా అంతా. చెవిటికల్లులో ఆ మాటకి అర్థం ఏమిటో కూడా చెప్పా. అది విని, "అయితే మనిద్దరికీ నచ్చింది" అంది. "చదువు వదినా, ఆ పేజీ అవ్వలేదు" అంది. నేను చదివా.

తర్వాత ఒకసారి చెవిటికల్లు వెళ్తూ బస్సులో నందిగామ దాటా. కిటికీలోంచి గాంధీ సెంటర్ కనపడింది, ఆ సందు కనపడలేదు. ఆ వెనక గదిలో ఇప్పుడు ఎవరో పిల్లాడు ఊపిరి బిగబట్టి ముల్లు చూస్తూ ఉంటాడు. అతనికి మంచే జరగాలి, వాళ్ళ నాన్నకి పుణ్యం ఉండాలి. నేను బాధపడేది అతని గురించి కాదు. ఎవరి ఊరి మర్యాద వాళ్ళకి తెలిసిన మనుషులం ముగ్గురం ఆ గదిలో ఉన్నాం, ముగ్గురం మర్యాదగానే ఉన్నాం, ఎవరూ ఎవరినీ నొప్పించలేదు. చోటు పోయింది. ఇలాంటి పిల్లలకి సరిపోయే చోట్లు ఎక్కువ ఉండవు. దొరికినప్పుడు పెద్దవాళ్ళం ఒక్క నిమిషం సిగ్గు మానుకోవాలి. అది నాకు ఆలస్యంగా తెలిసింది.

వెళ్ళేవాళ్ళకి ఒక్కటే చెప్తా. ఇంట్లో ఎవరిని అడగాలో ముందే అడిగేసి బయల్దేరండి. కాలేజీ నచ్చితే ఎంత వరకు ఒప్పుకుని రావచ్చో తేల్చుకుని వెళ్ళండి. పిల్లకి నచ్చిందని దాని మొహంలో కనపడితే, ఆ గదిలోంచి బయటికి రాకముందే "మా పిల్లని చేర్చుకోండి" అని నోరు తెరిచి చెప్పేయండి.